పొయ్యి పక్కన మూరెడు చోటు

ఉడికిన గిన్నె పొయ్యిమీంచి దించి, పెట్టడానికి చోటు లేక, పట్టకారతో అట్లాగే పట్టుకుని దిక్కులు చూసిన అనుభవం మీకెప్పుడన్నా ఉందా? నాకు చాలా నెలలపాటు రోజూ ఉంది. ఆ అవస్థలోనే నాకు లిలియన్ గిల్‌బ్రెత్ అనే ఒక గొప్ప ఇల్లాలి పరిచయమైంది. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో. కన్నుమూసి యాభై ఏళ్లు దాటింది. మైపాడు సముద్రానికి దగ్గర్లో ఒక పల్లెలో కాపురముండే నాకు ఆవిడతో పనేమిటంటారా? చెప్తాను.

ఇల్లు బాగుచేయించుకున్నప్పుడు మా పాత వంటిల్లు కొట్టేసి కొత్తది కట్టించాం. పాతదాన్లో గోడ పొడుగునా కడప బండ గట్టు ఉండేది. చూడ్డానికి అందంగా ఉండేది కాదుగానీ పది గిన్నెలు పెట్టినా ఇంకా చోటు మిగిలేది. ప్లాను గీసినాయన, వంటింటి నడిమధ్య దీవిలాగా ఒక గట్టు కట్టి దాన్లో నాలుగు బర్నర్ల పొయ్యి బిగిద్దామన్నాడు. టీవీ వంటల కార్యక్రమాల్లో చూస్తుంటాం చూడండీ, అట్లాంటిది. మావారికి నచ్చింది. పిల్లలకి మరీ నచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకూ నచ్చింది!

దీవి అంటే మా వైపు వాళ్లకి ముందుగా గుర్తొచ్చేది పులికాట్ సరస్సులోని ఇరకం దీవి. చుట్టూ నీళ్లు. ఏది కావాలన్నా పడవెక్కాల్సిందే. నా పొయ్యి గతీ అంతే అయింది. గట్టు పొడవు నాలుగడుగులైతే అందులో రెండున్నర అడుగులు పొయ్యే తినేసింది. అటు జానెడు, ఇటు జానెడు మిగిలింది. చేపల పులుసు పెట్టాలంటే చింతపండు రసం, మామిడికాయ ముక్కలు, ఉప్పూ కారం పట్టించిన చేప ముక్కలు, అన్నీ వెనక గోడవారనున్న గట్టుమీదే. గరిటె చేత్తో పట్టుకుని ముందుకీ వెనక్కీ తిరగడమే నా పని. పైగా సముద్రపు గాలి కిటికీలోంచి వచ్చి గుమ్మంలోంచి పోతుంటే నడిమధ్య పొయ్యిలో మంట నిలిచేది కాదు.

గట్టు ఎత్తు 36 అంగుళాలు. నేను అయిదడుగుల మనిషిని. మేస్త్రీ ఆ ఎత్తు మావారిని అడిగి పెట్టాడు. మావారు నన్ను అడగలేదు. నేనూ నోరు తెరిచి చెప్పలేదు. కూరలు తరిగి, చపాతీలు వత్తేసరికి భుజాలు లాగేసేవి. అందరూ పడుకున్నాక కాసేపు కథ రాసుకుందామని కూచుంటే కలం కదిలేది కాదు.

ఆ రోజుల్లోనే ఇంజనీరింగు చదువుతున్న మా ఆడపడుచు కూతురు సెలవలకి వచ్చింది. నా తిరుగుడంతా చూసి, వంటింటి గురించి ఇట్లాగే ఆలోచించిన ఒకావిడ మా పాఠంలో ఉంది అత్తా అంటూ మొదలుపెట్టింది. ఆ పిల్ల చెప్పిందీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీకు చెప్తున్నాను.

లిలియన్ 1878 మే 24న కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో పుట్టింది. కలిగిన కుటుంబం. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దది. ఆడపిల్లకి కాలేజీ చదువెందుకన్నది తండ్రి అభిప్రాయం. ఇంట్లోనే ఉండి బర్క్‌లీలోని విశ్వవిద్యాలయానికి వెళ్లొస్తానని ఆయన్ని ఒప్పించుకుంది. 1900లో పట్టా పుచ్చుకుంది. అక్కడి స్నాతకోత్సవంలో వేదికెక్కి ప్రసంగించిన మొదటి విద్యార్థిని ఆవిడే. ఇంతకీ చదివింది ఇంజనీరింగు కాదు, సాహిత్యం! ఆ సంగతి తెలిసి నాకెంత సంతోషమేసిందో.

1904లో ఫ్రాంక్ గిల్‌బ్రెత్‌ని పెళ్లాడింది. ఆయన తాపీపనితో జీవితం మొదలుపెట్టి పెద్ద కాంట్రాక్టరైన మనిషి. గోడ కట్టే మేస్త్రీ ఒక్కో ఇటుక కోసం నడుం వంచి, లేచి, మళ్లీ వంగడం చూసి ఆయనకి మనసు నిలిచేది కాదు. ఇటుకలూ అడుసూ నడుమెత్తున అందేలా బల్ల అమర్చిన పరంజా తయారుచేశాడు. గోడతోపాటు ఆ పరంజానీ పైకి జరుపుకోవచ్చు. ఒక ఇటుక పెట్టడానికి 18 కదలికలు పట్టేది, అయిదుకి తగ్గింది. గంటకి 120 ఇటుకలు పేర్చే మనిషి 350 పేర్చగలిగాడు.

ఇక్కడికొచ్చేసరికి నేను ఆగిపోయాను. మేస్త్రీకి చేతికందే ఇటుకల బల్ల ఎట్లాంటిదో, వంటచేసే మనిషికి పొయ్యి పక్కన గట్టూ అట్లాంటిదే కదా! మా మేస్త్రీకి పరంజా కట్టుకునేటప్పుడు ఎత్తు సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. నా గట్టు దగ్గరికి వచ్చేసరికే ఆ ఆలోచన ఎవరికీ రాలేదు.

భార్యాభర్తలిద్దరూ కలిసి ఫ్యాక్టరీల్లో పనివాళ్ల చేతుల కదలికల్ని సినిమా కెమెరాతో తీసి, ఏది అవసరమో ఏది దండగో తేల్చి చెప్పేవారు. పనిచేసే మనిషికి మనసుంటుందనీ, అలసట ఉంటుందనీ లెక్కలోకి తెచ్చింది లిలియన్. 1914లో ఆవిడ రాసిన పుస్తకాన్ని, ఆడవాళ్ల పేరు కనబడితే కొనరేమోనని పొడి అక్షరాలతో అచ్చువేశారు. 1915లో బ్రౌన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకుంది. ఇదంతా ఎప్పుడనుకుంటున్నారు? పదిహేడేళ్లలో పన్నెండుమంది పిల్లల్ని కంటూ, వాళ్లని పెంచుతూ! అందులో మేరీ అనే పాపని 1912లో కంఠసర్పి వ్యాధి పొట్టనపెట్టుకుంది. ఆ కడుపుకోత ఆవిడని బతికినన్నాళ్లూ వదల్లేదు.

అంతమందికి ఎట్లా వండిపెట్టిందని అడగాలనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, లిలియన్‌కి వంట పెద్దగా రాదు! ఇంట్లో అత్తగారుండేవారు, పనివాళ్లుండేవారు. ఎదిగిన పిల్లలు ఆడా మగా తేడా లేకుండా పనులు పంచుకునేవాళ్లు. ఎవరి పని వాళ్లు చేశారో లేదో చూసుకోవడానికి గోడమీద పట్టికలుండేవి. ఆ ఇంటి ముచ్చట్లనే 1948లో పిల్లలిద్దరు పుస్తకంగా రాస్తే ఇల్లిల్లూ చదివింది. తర్వాత సినిమా కూడా వచ్చింది.

1924 జూన్ 14. ఐరోపాలో జరిగే సభలకి బయల్దేరాల్సిన ఫ్రాంక్, రైల్వే స్టేషన్ నుంచి భార్యతో ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూనే గుండె ఆగి కుప్పకూలిపోయాడు. ఆయనకి 55 ఏళ్లు. ఆవిడకి 46. పదకొండుమంది పిల్లలు. చివరి పాపకి రెండేళ్లు.

వారం తిరక్కుండానే ఆవిడ ఓడెక్కింది. ఆయన మాట్లాడాల్సిన సభల్లో ఆయన బదులు తనే మాట్లాడి వచ్చింది. నలుగురూ ఏమనుకుంటారోనని ఆగి ఉంటే పిల్లలకి తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది? తీరా తిరిగొచ్చేసరికి పాత కంపెనీలు ఒక్కొక్కటే ఒప్పందాలు వదులుకున్నాయి. ఇరవై ఏళ్లు పక్కనుండి సగం పని చేసినావిడే అయినా, ఫ్యాక్టరీలో మగవాళ్లకి ఆడమనిషి చెప్పడమేమిటనుకున్నారు.

ఒక తలుపు మూసేస్తే ఆవిడ ఎవరూ పట్టించుకోని తలుపు దగ్గరికి వెళ్లింది. అదే వంటింటి తలుపు. ఆడవాళ్ల చోటు వంటిల్లే అంటారా, సరే, అది కూడా ఫ్యాక్టరీ లాంటిదే, అక్కడ పనిచేసేవాళ్లకీ నడుం ఉంది, కాళ్లున్నాయి అన్నట్టుగా కొలతబద్ద పట్టుకుని బయల్దేరింది. పొయ్యిలూ తొట్లూ ఎంత ఎత్తున ఉండాలో తెలుసుకోవడానికి ఒక పెద్ద విద్యుత్ పరికరాల కంపెనీ కోసం 4 వేలమందికి పైగా ఆడవాళ్లని అడిగింది. ఆ అడగడమే నాకు అన్నిటికంటే పెద్ద పనిగా కనిపిస్తుంది.

1929లో బ్రూక్లిన్ గ్యాస్ కంపెనీకి ఒక నమూనా వంటిల్లు చేసి న్యూయార్క్‌లో ప్రదర్శనకి పెట్టింది. ఆ కంపెనీకి అధ్యక్షురాలు కూడా మేరీ డిల్లన్ అనే ఆవిడే. పొయ్యిని ఆనుకునే గట్టు, గట్టుకి పైన సరుకులు, కింద గిన్నెలు, పక్కనే ఫ్రిజ్. అన్నీ ఒక చుట్టులో చేతికందేట్టు. ఇంకా చోటు కావాలంటే గట్టుతో సమానమైన ఎత్తులో చక్రాల బల్ల. కావలసినప్పుడు లాక్కోవడం, లేనప్పుడు తోసెయ్యడం! ఇట్లాంటి అమరికలోనే స్ట్రాబెర్రీ కేకు ఒకటి చేయించి అడుగులు లెక్కపెట్టారు. పాత వంటింట్లో 281 అడుగులు పడితే, కొత్తదాన్లో 45 పడ్డాయి.

కాలితో తొక్కితే మూత లేచే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపులో గుడ్లూ వెన్నా పెట్టుకునే అరలు ఆవిడ ఆలోచనలే అంటారు. మనం రోజూ తెరిచి మూస్తూనే ఉంటాం, ఎవరి చలవో తెలీకుండా. 1940ల చివరలో గుండెజబ్బు ఉన్న ఇల్లాళ్లు కూర్చుని, ఆయాసపడకుండా వండుకునే వంటిల్లు తయారుచెయ్యడంలోనూ ఆవిడ చెయ్యి ఉంది.

ఆ కాలంలో మన దగ్గర గొడవ గట్టు గురించి కాదు, పొగ గురించి. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు పొగని గొట్టంగుండా బయటికి పంపే పొయ్యి తయారుచేసి, 1953లో దానిమీద పుస్తకమే రాశారు. మా అమ్మమ్మ నేలమీద కూచుని ఊదుగొట్టంతో కళ్లనీళ్లు పెట్టుకుంటూ వండిన మనిషి. మా అమ్మ గ్యాసు వచ్చాకే నిలబడి వండింది. నిలబడ్డామనే సంతోషంలో, ఎంత ఎత్తున నిలబడ్డామో చూసుకోవడం మరిచిపోయామేమో!

1935లో లిలియన్ పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ఇంజనీరింగు శాఖలో మొదటి మహిళా ప్రొఫెసర్ అయింది. 1965లో అమెరికా జాతీయ ఇంజనీరింగు అకాడమీకి ఎన్నికైన మొదటి స్త్రీ ఆవిడే. తొంభైకి దగ్గరపడేదాకా ఊళ్లు తిరుగుతూ, ఉపన్యాసాలిస్తూనే ఉంది. 1972 జనవరి 2న, 93వ ఏట కన్నుమూసింది. 1984లో ఆవిడ బొమ్మతో తపాలా బిళ్ల వేశారు.

ఇదంతా విన్న మర్నాడే మా పిల్ల సుద్దముక్క పట్టుకుని కూచుంది. నేను చేపల పులుసు పెట్టడం మొదలుపెట్టి దించేలోపు నా అడుగులు 118 అని తేల్చింది. మావారు నమ్మలేదు. ఇంకోసారి ఆయన్నే లెక్కపెట్టమన్నాం. ఆయన లెక్కలో ఇంకా రెండు ఎక్కువే వచ్చాయి!

దీవిని పగలగొట్టలేదు. దాన్నే పెంచాం. పొయ్యికి కుడివైపు గట్టుతో సమానంగా గ్రానైటు పలకని ఇంకో మూరెడు పొడిగించి కింద ఇటుకల కాలు కట్టించాం. వేడి గిన్నె దించేది అక్కడే. ఎడమవైపు మడత చెక్క బిగించాం. ఇది మాత్రం 33 అంగుళాల ఎత్తులో, నా మోచేతికి నాలుగంగుళాలు కిందగా, నన్ను నిలబెట్టి కొలిచి. తరగడం, వత్తడం దానిమీదే. మడిస్తే మూడడుగుల దారి మామూలుగానే ఉంటుంది. మా ఉప్పుగాలికి ఇనప కొక్కేలు ఏడాదికే పుచ్చిపోతాయి కాబట్టి స్టీలువి వేయించాం. చక్రాలకి బిగింపులున్న ఒక చెక్క బల్ల చేయించాం. కిటికీ కింది రెక్కలు మూసి పై రెక్కలే తీస్తున్నాం, మంట నిలుస్తోంది. మళ్లీ లెక్కపెడితే పులుసుకి 46 అడుగులు పడ్డాయి.

ఒక్క మాట చెప్పకపోతే మనసొప్పదు. అడుగులు తగ్గించినంత మాత్రాన ఆ అడుగులు వేసే మనిషి మారలేదు కదా అనిపిస్తుంది. వంటిల్లు ఎంత సులువైతే అంత ఎక్కువగా దాన్ని మనకే అప్పగించేస్తారు. లిలియన్ కట్టిన వంటిళ్లు అందరూ చూశారుగానీ, ఆవిడ ఇంటి గోడమీది పనుల పట్టిక సంగతి మరిచిపోయారు. నాకైతే ఆ రెండూ కలిపే చూడాలనిపిస్తుంది.

ఇదివరకు నాకు సాయం రమ్మంటే, నిలబడ్డానికి చోటేదీ అనేవారు మావారు. నిజమే, లేదు కూడానూ. ఇప్పుడు చక్రాల బల్ల ఆయన ముందుకి తోసి, ఉల్లిపాయలూ కత్తీ పెడుతున్నాను. వంకకి చోటు లేకుండా పోయింది పాపం! రాత్రి తొమ్మిదికల్లా వంటిల్లు సర్దుకుని, ఆ మడత చెక్కమీదే కాగితాలు పరుచుకుంటున్నాను.

మీరెవరన్నా వంటిల్లు కట్టించుకుంటుంటే ఒక్కటే నా మనవి. మేస్త్రీ కొలత అడిగినప్పుడు మీరే వెళ్లి నిలబడండి. చెప్పులు విడిచి, మోచెయ్యి మడిచి!