రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు

ఈ సంచికలో మన పెద్దల గురించి, మన సంఘాల గురించి రాసుకుంటున్నాం. వాటి పక్కనే, మన కులానికి చెందని ఒక పెద్దాయన జీవితం కూడా ఉంటే బాగుంటుందని మేమనుకున్నాం. ఆయన మగ్గం ఎక్కినవారు కాదు. కానీ ఈనాడు ఒడిశాలో ఉన్న ఊళ్ళో పుట్టి, ఈనాడు తమిళనాడులో ఉన్న నగరంలో పనిచేసి, తెలుగు పిల్లలకి మాట నేర్పారు. ఆయనే న్యాయపతి రాఘవరావు గారు. రేడియో అన్నయ్య అంటే పాతతరం వాళ్ళు వెంటనే గుర్తుపడతారు.

ఆయన 1905లో బరంపురంలో పుట్టారు. బరంపురం అనగానే మనకి పట్టుచీరలు గుర్తొస్తాయి. ఆ రోజుల్లో గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది. అక్కడి తెలుగువాళ్ళు ఇల్లు కదల్లేదు, వీధి మారలేదు, రాష్ట్రం మాత్రం మారిపోయింది. ఇలాంటి అనుభవం మన కుటుంబాల్లో చాలామందికి ఉన్నదే.

1938లో మద్రాసు రేడియో కేంద్రం మొదలైంది. అక్కడి తెలుగు పిల్లల కార్యక్రమాన్ని రాఘవరావు గారు, ఆయన భార్య కామేశ్వరి గారు కలిసి నడిపారు. ఆయన అన్నయ్య, ఆవిడ అక్కయ్య. వరస ప్రకారం అన్నయ్య భార్య వదిన కావాలి గదా! అయినా పిల్లలందరికీ ఆవిడ అక్కయ్యే. ఆ వరసని ఎవరూ తప్పు పట్టలేదు. మన ఇళ్ళల్లో మగ్గం మీద కూర్చున్న మనిషి పేరే బయటికి వినపడుతుంది గానీ, కండెలు చుట్టే చెయ్యి లేకపోతే ఆ రోజు నేత సాగదు. వాళ్ళ పని అలా కాదు. ఇద్దరి గొంతూ వినపడింది, ఇద్దరి పేరూ నిలిచింది.

ఆ కాలంలో రేడియో పెట్టె కొనడం సామాన్యులకి అయ్యే పని కాదు. కొన్నా లైసెన్సు కట్టాలి. పెట్టె ఉన్న ఇంటి అరుగు మీదకి చేరి, పార్కుల్లో పెట్టిన లౌడుస్పీకర్ల కింద కూర్చుని జనం వినేవాళ్ళు. ఇప్పటిలా ముందే రికార్డు చేసుకుని, తప్పులు కత్తిరించుకునే వీలు తక్కువ. పిల్లవాడు మైకు ముందు నోరు తెరిస్తే అప్పటికప్పుడు అది ఊళ్ళకి వెళ్ళిపోయేది. అలాంటి చోట చిన్నపిల్లల చేత మాట్లాడించడం, పాడించడం, నాటికలు వేయించడం ఎంత ఓపిక పనో ఆలోచించండి. పెద్దలు నీతులు చెప్తుంటే పిల్లలు వింటూ కూర్చోవడం కాకుండా, పిల్లలే కార్యక్రమం నడపాలన్నది ఆ దంపతుల పద్ధతి.

వారానికోసారి వచ్చే కార్యక్రమంతో పిల్లలు తయారవరు, వాళ్ళకి కూడుకునే చోటు కావాలి. అందుకే 1940లో మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో 'బాల' అనే పత్రిక మొదలుపెట్టారు. అందులో పిల్లల రాతలకీ, బొమ్మలకీ చోటిచ్చారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి మొదటి కథ అచ్చయింది అందులోనే. బాపు గారు కూడా చిన్నతనంలో అందులో బొమ్మలు వేశారు. ఆ పిల్లలు ఎంత పెద్దవాళ్ళవుతారో అప్పుడు ఎవరికి తెలుసు? అయినా చోటిచ్చారు.

1956లో దంపతులిద్దరూ హైదరాబాదు వచ్చేశారు. రేడియోలో పిల్లల కార్యక్రమాలు అక్కడా సాగాయి. నారాయణగూడలో బాలానంద సంఘం ఎన్నో తరాల పిల్లలకి ఆటపాటల ఇల్లయింది. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో కన్నుమూశారు.

ఇక మన సంగతి. షోలాపూరులో మన పిల్లలు మరాఠీ చదువుతారు, సేలంలో తమిళం, బళ్ళారిలో కన్నడం, బరంపురంలో ఒడియా. తెలుగు అక్షరాలు రాని పిల్లలు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. తిట్టి, సిగ్గుపరిచి నేర్పలేం. అలా చేస్తే ఇంట్లో మాట్లాడే నాలుగు ముక్కలు కూడా మానేస్తారు. రేడియో వినడానికి అక్షరాలు అక్కర్లేదు, చెవి ఉంటే చాలు. అన్నయ్య, అక్కయ్య ఆ చెవిని నమ్ముకుని పనిచేశారు.

మనకిప్పుడు రేడియో కేంద్రం అక్కర్లేదు, చేతిలో ఫోను ఉంది. నాయనమ్మ చెప్పే కథని మనవరాలి చేత మళ్ళీ చెప్పించి, రికార్డు చేసి, వేరే రాష్ట్రంలో ఉన్న బంధువులకి పంపించండి. ఉచ్చారణ తప్పిందని నవ్వకండి. సంఘం వార్షికోత్సవాల్లో ఉపన్యాసాలు ఒక అరగంట తగ్గించి, ఆ సమయం పిల్లలకి ఇవ్వమని పెద్దలందరికీ మా మనవి.