చదువులో కేరీ గారి క్రమము



భోకర్‌లో మన పిల్లలు బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడుతూ పెరుగుతారు. పరీక్షలు దగ్గర పడగానే రాత్రంతా కూర్చుని గైడు బట్టీ పడతారు, వారం తిరగకముందే మరచిపోతారు. వారిని చూచినప్పుడల్లా నాకు విలియం కేరీ గారు జ్ఞాపకం వస్తారు. మరాఠీకి వ్యాకరణము (1805), నిఘంటువు (1810), తెలుగుకు వ్యాకరణము (1814) అచ్చువేయించిన బాప్టిస్టు మిషనరీ గనుక ఆయన మన రెండు భాషలకూ చుట్టమే.

కేరీ గారు 1761 ఆగస్టు 17న ఇంగ్లాండులోని పాలర్స్‌పరీ గ్రామంలో ఒక నేత పనివాని ఇంట పుట్టారు. చెప్పులు కుట్టడం నేర్చుకోవడానికి చేరిన చోట, యజమాని దగ్గరున్న క్రొత్త నిబంధన వ్యాఖ్యానంలో గ్రీకు మాటలు కనబడ్డాయి. ఒక్క అక్షరం కూడా తెలియదు. అయినా వాటిని ఉన్నవి ఉన్నట్లు కాగితం మీదికి దించుకొని, స్వగ్రామం వెళ్ళినప్పుడు గ్రీకు తెలిసిన థామస్ జోన్స్ అనే నేత పనివానిని అడిగి తెలుసుకొన్నారు. నేను పాఠం చెప్పే రోజులలో అర్థమైందా అంటే తరగతి అంతా అయిందనేది, వ్రాయమంటే తెల్ల కాగితం ఇచ్చేది. తెలియనిది ఏదో కాగితం మీద పెట్టడమే కష్టం.

1793లో ఆయన బెంగాలుకు వచ్చారు. రామరామ బసు అనే మున్షీ దగ్గర భాష నేర్చుకొన్నారు. నీలిమందు కర్మాగారంలో పనిచేస్తూ, పండితుల భాష వేరు, పొలంలో రైతు మాట వేరు అని గ్రహించారు. అందుకే 1801లో కూలీల, జాలరుల, ఆడవారి మామూలు సంభాషణలతో ఒక పుస్తకమే వేయించారు.

1806లో ఆయన ఒక దినచర్య వ్రాసి పెట్టారు. ఉదయం ఆరు కాకముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయం చదవడం, మున్షీతో పారసీ, పండితునితో సంస్కృతం, పది గంటలకు కలకత్తా ఫోర్టు విలియం కాలేజీలో పాఠాలు, తిరిగి వచ్చి ప్రూఫులు దిద్దడం. సాయంకాలం ఆరు దాటాక తెలుగు పండితుని దగ్గర మన భాష! పని మారిన కొద్దీ ప్రక్కన కూర్చునే గురువు కూడా మారేవాడు. ఒంటరిగా పుస్తకం తిరగవేసిన గంటలు ఆ రోజులో బహు కొద్ది.

1812 మార్చి 11న శ్రీరాంపూర్ ముద్రణాలయం కాలిపోయింది. తెలుగు వ్యాకరణం వ్రాతప్రతి కూడా అందులో పోయింది. నడచిన దారిని రెండవసారి నడవడం తేలికేనని తలంచి ఆయన మళ్ళీ వ్రాశారు. రెండేండ్లకు పుస్తకం వెలువడింది.

ఒక సంగతి మాత్రం దాచకూడదు. ఆయన పెట్టుకొన్న భాషలు మరీ ఎక్కువ. 1818లో శ్రీరాంపూరులో అచ్చయిన తెలుగు క్రొత్త నిబంధన మన సంఘాలలో నిలువలేదు. తెలుగు ఊళ్ళలో కాపురముండి వినని చెవికి పండితుడు ఒక్కడు చాలడు గదా. ఆ కొరత బెంగాలీలో లేదు. 1801లో వెలువడిన బెంగాలీ క్రొత్త నిబంధనను ముప్పది ఏండ్లు మళ్ళీ మళ్ళీ దిద్దారు. బెంగాలీ బైబిలు చివరి దిద్దుబాటు 1832లో ముగించి, 1834 జూన్ 9న శ్రీరాంపూరులో ప్రభువునందు నిద్రించారు.