చెరసాల నుంచి గ్రంథశాలకు... గాడిచర్ల ప్రస్థానం

కర్నూలు: పత్రికలో రాసిన రాతకు తెలుగునాట తొలిసారిగా రాజద్రోహ నేరంపై కారాగారం పాలైన సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు మన జిల్లావాడని చెప్పుకోవడానికి కర్నూలు వాసులు గర్వపడతారు. ఆంధ్ర తిలక్ అన్న బిరుదూ పెద్దలకు గుర్తే. అయితే ఆయన జీవితంలో జైలులో గడిపినది మూడేళ్లు కాగా, గ్రంథాలయాల కోసం, అక్షరం రాని వయోజనుల కోసం తిరిగినది దశాబ్దాలు. ఆ రెండో భాగం సంగతి అడిగితే మాత్రం చదువుకున్నవారు సైతం తడుముకోవలసి వస్తుంది. సెప్టెంబరు 14 ఆయన జయంతి. ఆ సందర్భాన అంతగా ప్రచారంలో లేని ఆ భాగాన్ని కూడా తలచుకోవడం ఉచితం.

హరిసర్వోత్తమరావు 1883 సెప్టెంబరు 14న కర్నూలులో జన్మించారు. తల్లిదండ్రులు భాగీరథీబాయి, వెంకటరావు. నిరుపేద కుటుంబం. కర్నూలు, గుత్తి, నంద్యాలలో చదువు సాగింది. ఉపకార వేతనాలే ఆధారంగా మెట్టు మెట్టు ఎక్కి 1906లో మద్రాసులో ఎం.ఏ. పూర్తిచేశారు. ఆనాటికి తెలుగువారిలో ఆ పట్టా గలవారు చాలా అరుదు. సర్కారు కొలువులో చేరి ఉంటే కుటుంబం దారిద్య్రం ఒక్క తరంలో తీరిపోయేది. ఆ ఉద్దేశంతోనే కాబోలు, ఉపాధ్యాయ శిక్షణ కోసం రాజమండ్రి చేరారు.

విధి మరో విధంగా తలచింది. 1907 ఏప్రిల్‌లో వందేమాతరం ఉద్యమ ప్రచారకుడై బిపిన్ చంద్రపాల్ రాజమండ్రికి వచ్చారు. ఆయన ఆంగ్ల ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెనిగించగా గోదావరి తీరం ఊగిపోయింది. విద్యార్థులు వందేమాతరం ముద్రలు ధరించి తరగతులకు వెళ్లడం కళాశాల ప్రధానాచార్యుడు మార్క్ హంటర్‌కు కంటగింపైంది. నిషేధం, సమ్మె, బహిష్కరణ ఒకదాని వెంట ఒకటి జరిగాయి. విద్యార్థులకు నాయకుడిగా నిలిచిన హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి వెళ్లగొట్టడమే గాక, ప్రభుత్వోద్యోగానికి అనర్హుడిగా ప్రకటించారు. ఇరవై నాలుగేళ్ల వయసు నిండకముందే ఎం.ఏ. పట్టా ఆయనకు కూడు పెట్టని కాగితమైంది.

మూడేళ్ల కఠిన శిక్ష

ఉద్యోగం తలుపు మూసుకుపోగా పత్రికారంగం తలుపు తెరుచుకుంది. 1908లో బోడి నారాయణరావుతో కలిసి బెజవాడ నుంచి స్వరాజ్య పత్రిక వెలువరించారు. ఆ ఏడాది మార్చిలో తమిళ దేశాభిమాని వి.ఓ. చిదంబరం పిళ్లై అరెస్టుతో తిరునల్వేలి అట్టుడికింది. జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ ఘటనపై హరిసర్వోత్తమరావు రాసిన సంపాదకీయంలో పరాయి పాలకులను క్రూరమైన పులితో పోల్చారు. సర్కారు రాజద్రోహం కేసు పెట్టింది. కింది న్యాయస్థానం విధించిన ఆరు నెలల శిక్ష చాలదని ప్రభుత్వం పైకోర్టుకు పోగా, శిక్ష మూడేళ్లకు పెరిగింది. బాలగంగాధర తిలక్‌ను మాండలే చెరకు పంపిన సంవత్సరమూ అదే. పులి అన్న ఒక్క పోలికకు మూడేళ్లు. నాటి ప్రభుత్వం అక్షరానికి ఎంతగా భయపడిందో ఈ లెక్కే చెబుతుంది.

రాజకీయ ఖైదీలకు ప్రత్యేక తరగతులు అప్పటికి లేవు. వెల్లూరు జైలులో గజదొంగలు, హంతకుల నడుమే ఆయనను ఉంచారు. కాళ్లకు సంకెళ్లు, మట్టిచిప్పలో రాగి సంకటి. రాయలసీమ బిడ్డకు సంకటి కొత్త కాదు గాని, ఆ జైలు సంకటి వేరు.

అసలు శిక్ష విడుదలయ్యాక మొదలైంది. చెర నుంచి వచ్చిన దేశభక్తుడికి పూలదండలు వేసే రోజులు కావవి. ఆయనతో నిలబడి మాట్లాడడానికే జనం జంకారు. పోలీసుల కన్ను తమపై పడుతుందేమోనని తెలిసినవారే మొహం చాటేశారు. తలదాచుకోవడానికి చోటు, పూట భోజనం దొరకడం కూడా కష్టమైంది. ఎవరి కోసం చెరకు వెళ్లారో వారే తలుపు వేసుకుంటే ఏ మనిషికైనా మనసు విరిగిపోతుంది. ఆయన మాత్రం ఎవరినీ నిందిస్తూ కూర్చోలేదు. ప్రజలకు తెలియజెప్పే పనిలోకే మళ్లీ దిగారు. తరువాతి అర్ధశతాబ్దం ఆయన సాగించిన కృషి చూస్తే, జనంలోని భయానికి మూలం అజ్ఞానమేనన్న నిశ్చయానికి ఆయన నాడే వచ్చి ఉంటారని అనిపిస్తుంది.

లక్ష్మణరావు చెంత

ఆ దినాలలో ఆదుకున్నది కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. వారి స్నేహం అంతకు ముందటిదే. కొమర్రాజువారు 1906లో హైదరాబాదులో స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలికి హరిసర్వోత్తమరావు తొలినుంచీ అండ. కథలు, కావ్యాలు తప్ప చరిత్ర, శాస్త్ర విషయాలు తెలుగులో దొరకని కాలంలో ఆ లోటు తీర్చడానికి పుట్టిన మండలి అది. దాని తొలి ప్రచురణ అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. రచయిత మన గాడిచర్లే. మండలి గ్రంథమాలకు బానిసత్వాన్ని రూపుమాపిన నేత జీవితంతో శ్రీకారం చుట్టడం యాదృచ్ఛికం కాదనే చెప్పాలి. బడి చదువు ఏడాదికి మించని లింకన్ ఇరుగుపొరుగుల వద్ద పుస్తకాలు ఎరువు తెచ్చుకొని చదివి పైకి వచ్చినవాడు. గ్రంథాలయోద్యమ నాయకుడు కాబోయే వ్యక్తికి ఇంతకన్న తగిన కథానాయకుడు దొరకడు.

విడుదల తరువాత మద్రాసులో కొమర్రాజువారి ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కృషిలో ఆయన పాలుపంచుకున్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికలోనూ కొంతకాలం సంపాదక బాధ్యతలు వహించారు. స్త్రీల కోసం వెలువడిన సౌందర్యవల్లి పత్రికను ఆయన సతీమణి రమాబాయి నడిపారు. 1916లో అనీబిసెంట్ హోంరూల్ లీగ్ స్థాపించినప్పుడు ఆంధ్రకు ప్రత్యేక శాఖ ఏర్పడగా, దానికి కార్యదర్శిగా జిల్లాలన్నీ తిరిగి సభలు జరిపారు. భాషాప్రయుక్త రాష్ట్రం మాట నలుగురి నోట నానుతున్న రోజులవి. 1927లో నంద్యాల నుంచి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లోనే దత్తమండలమన్న పేరు పోయి రాయలసీమ అన్న పేరు వచ్చింది. ఆ పేరు పెట్టింది గాడిచర్లేనని మన ప్రాంతంలో కొందరు చెబుతుంటారు. ప్రతిపాదించినది చిలుకూరి నారాయణరావు అన్నదే బలమైన మాట. గాడిచర్ల కీర్తికి మరొకరి ఘనత అరువు తేనక్కరలేదు.

గ్రంథాలయం కేవలం పుస్తకాల కొట్టు కాదు

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో చిలకమర్తి అధ్యక్షతన జరిగిన తొలి మహాసభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం రూపుదాల్చింది. అయ్యంకివారు కార్యకర్తలను కూడగట్టగా, ఉద్యమానికి రాజకీయ దృష్టిని, గాంభీర్యాన్ని చేకూర్చినవారిలో హరిసర్వోత్తమరావు ముఖ్యులు. సంఘానికి అధ్యక్షుడై ఏళ్ల తరబడి దానిని నడిపించారు.

నేటి పాఠకులకు ఒక విషయం విడమరచి చెప్పాలి. ఆ రోజుల్లో పల్లెలో గ్రంథాలయం పెట్టడమంటే అది రాజకీయ కార్యమే. ఒక పూరిపాక, నాలుగు బల్లలు, చందాలతో తెప్పించిన దినపత్రిక. సాయంకాలం పొలం నుంచి వచ్చిన రైతులు చుట్టూ కూర్చుంటే చదువు వచ్చిన కుర్రవాడు బిగ్గరగా చదివేవాడు. సభలు పెట్టుకోవడానికి వీలులేని వేళ అదే సభ. అందుకే ఆ పాకలపై పోలీసుల నిఘా ఉండేది.

అక్షరాస్యత లేని దేశంలో పుస్తకాలు పేర్చి ఏం లాభమన్న ప్రశ్నకు గాడిచర్ల వెదకిన సమాధానం వయోజన విద్య. గ్రంథాలయం, రాత్రిబడి వేరువేరు కావని ఆయన మతం. చదువు రానివాడికి చదివి వినిపించాలి, వినేవాడికి చదువు నేర్పాలి, నేర్చినవాడు మరచిపోకుండా పుస్తకం అందించాలి. ఈ మూడూ ఒకే గొలుసు. రాత్రిబళ్లలో అక్షరాలు దిద్దినవారు ఆరు నెలలు తిరగకుండా వేలిముద్రకు దిగజారిన ఉదంతాలు ఆ తరువాతి దశాబ్దాల్లో మనమంతా చూశాం. ఆ జబ్బుకు మందు ఆయన ముందే చెప్పారు.

ఆయన బాటలో నడిచినవారిలో పాతూరి నాగభూషణం ఒకరు. పుస్తకాల వద్దకు జనం రాలేకపోతే జనం వద్దకే పుస్తకాలు పోవాలని 1935లో కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయం నడిపిన ఘనత పాతూరివారిది. మన సీమలో ఆ సదుపాయం లేదు. ఇక్కడ కాలినడకే శరణ్యం.

స్వచ్ఛంద సేవతో గ్రంథాలయాలు ఎంతకాలం నిలుస్తాయి? చందాలు ఇచ్చినవారు పోతే పుస్తకాలూ పోతాయి. అందుకు చట్టం కావాలని ఉద్యమం పట్టుపట్టింది. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చిన చట్టం స్వతంత్ర భారతంలో మొదటిది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి తాను పుట్టిన కర్నూలే రాజధాని కావడం గాడిచర్ల కళ్లారా చూశారు. 1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అవతరించాక ఇరు ప్రాంతాలకూ వేర్వేరు గ్రంథాలయ చట్టాలు అమలులో ఉండగా, రెంటినీ కలిపి ఒకే చట్టం సిద్ధమైంది.

ఆ చట్టం కింద జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఊపిరి పోసేది ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే సెస్సు. పంచాయతీలు, పురపాలక సంఘాలు దీనిని వసూలు చేసి సంస్థకు జమ కట్టాలి. వసూలు క్రమం తప్పదు, జమ మాత్రం తప్పుతుంది. బకాయిలపై సమావేశాల్లో తీర్మానాలు చేయడం ఆనవాయితీగా మారింది. పల్లెల్లోని శాఖా గ్రంథాలయాల్లో పాత కుర్చీలకు, కొత్త పుస్తకాల కొరతకు కారణం వెదికేవారు ముందు తమ ఇంటిపన్ను రసీదు తిరగేయాలి. గ్రంథాలయ పన్ను పేరిట చెల్లించిన మొత్తం అందులోనే కనిపిస్తుంది. అది ఎక్కడికి చేరిందని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. అలా అడగగల పౌరుడిని తయారుచేయడానికే గాడిచర్ల తరం ఊరూరా తిరిగింది.

ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. హరిసర్వోత్తమరావు దానిని చూడలేదు. అంతకు నెల రోజుల ముందు, ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు. విజయవాడ పటమటలో గ్రంథాలయ సంఘం నిర్మించుకున్న భవనానికి సర్వోత్తమ భవనమని పేరు పెట్టారు. గ్రంథపాలకులుగా పనిచేయదలచిన యువకులు శిక్షణ పొందినది అక్కడే.