ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగు

అమెరికా దేశమున న్యూయార్కు నగరమునందు 1890వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన ఆర్మ్‌స్ట్రాంగు జన్మించెను. దూరపు రేడియో సంకేతములను వినుటకై యాంకర్సు పట్టణమున తన యింటి పెరటిలో 125 అడుగుల స్తంభమును నిలిపి, బాలుడయ్యు జంకక దానిపై కెక్కుచుండెడివాడు.

కొలంబియా విశ్వవిద్యాలయమున చదువుచుండగనే, 1912లో, బలహీనములైన సంకేతములను అనేక రెట్లు బలపరచు విధానమును కనుగొనెను. 1918లో, పారిస్ నగరమున సైనికాధికారిగ నున్నప్పుడు, సూపర్‌హెటిరోడైన్ అను గ్రాహకమును కల్పించెను. ఏ స్టేషను తరంగమునైనను ఒకే నియత పౌనఃపున్యమునకు మార్చి, వడగట్టి, వృద్ధిచేయుట దాని పద్ధతి. పిమ్మట ఇంటింట వెలసిన రేడియోలలో అధికభాగ మీ పద్ధతిపైననే నిర్మింపబడెను.

ధనమునకు గాని కీర్తికి గాని అతనికి కొదువ లేకుండెను. అయినను రేడియోలో వినవచ్చు సంగీతము అసలు సంగీతమువలె లేదను చింత అతనిని విడువలేదు. ఏ.ఎమ్. అనబడు ఆనాటి ప్రసారమున ధ్వని ననుసరించి తరంగపు ఎత్తు మారుచుండును. మెరుపువలన పుట్టు అలజడియు ఆ ఎత్తునే మార్చును గనుక, పాట యేదో రొద యేదో గ్రాహకమునకు తెలియదు. మఱియు అమెరికాలో ఏ.ఎమ్. స్టేషనుల పౌనఃపున్యముల నడుమ ఎడము 10 కిలోహెర్ట్జులు మాత్రమే. ప్రక్క స్టేషను వినబడకుండ వడపోతను ఇరుకు చేసినచో వయొలిన్‌లోని హెచ్చుస్థాయి నాదములు తెగిపోవును. వెడల్పు చేసినచో రొదయు, పొరుగు స్టేషనును లోనికి వచ్చును. తన గ్రాహకమెంత నేర్పుగ పనిచేసినను ఈ చిక్కు తీరలేదు.

ఎత్తును మార్చక పౌనఃపున్యమునే మార్చినచో? అందువలన లాభము లేదని గణితము తెలిసినవారు అంతకుముందే తేల్చియుండిరి. వారు ఇరుకైన పట్టీని లెక్కించిరి. ఆర్మ్‌స్ట్రాంగు వెడల్పైన పట్టీని వాడిచూచెను. ఎఫ్.ఎమ్. అను ఈ విధానమునకు 1933 డిసెంబరు 26న పేటెంట్లు లభించెను. 1935 నవంబరులో న్యూయార్కున ఇంజనీర్ల సభయందు దానిని ప్రదర్శించెను. మైళ్ల దూరమున గ్లాసులో నీరు పోసిన చప్పుడు, కాగితము నలిపిన చప్పుడు సభలో స్పష్టముగ వినబడెను. సభికులు నివ్వెరపోయిరి.

తరువాతి కథ వేరు. 1934లో పరీక్షలకు ఎంపైర్ స్టేటు భవనమున చోటిచ్చిన ఆర్.సి.ఏ. సంస్థయే మరుసటి సంవత్సరము అతని పరికరములను తీయించివేసెను. 1945లో ప్రభుత్వము ఎఫ్.ఎమ్. పట్టీని మార్చగా అంతవరకు అమ్ముడైన సెట్లు నిరుపయోగము లయ్యెను. పేటెంట్ల విషయమై 1948లో ఆర్.సి.ఏ.పై వేసిన వ్యాజ్యము అతని ధనమును, ఆరోగ్యమును హరించెను. 1954 జనవరి 31వ తేదీన అతడు విషాదకరముగ అసువులు బాసెను.

భార్య మేరియన్ పోరు విడువలేదు. ఆర్.సి.ఏ. అధిపతియైన సార్నాఫ్ వద్ద ఆమె ఒకప్పుడు కార్యదర్శినిగ పనిచేసినదే! ఆ సంవత్సరాంతమున ఆ సంస్థ పది లక్షల డాలర్లకు పైగా చెల్లించి రాజీపడెను. ఇతర సంస్థలపై నడచిన వ్యాజ్యములలో చివరిది 1967లో ఆమె పక్షముననే ముగిసెను.