చలన సూత్రకర్త న్యూటన్

ఇంగ్లండులోని ఊల్స్‌తోర్ప్ గ్రామంలో, ఆనాటి ఆంగ్ల పంచాంగం ప్రకారం 1642 డిసెంబరు 25న, తండ్రి గతించిన మూడు నెలలకు ఐజాక్ న్యూటన్ జన్మించాడు. మూడేండ్ల ప్రాయంలో తల్లి పునర్వివాహం చేసుకొని, బిడ్డను అమ్మమ్మ వద్ద విడిచి వెళ్ళింది. తరువాత బడి మాన్పించి సేద్యంలో పెట్టింది. సేద్యం అతనికి అబ్బలేదు. మేనమామ, ప్రధానోపాధ్యాయుడు పట్టుబట్టకపోతే ఆ బాలుడు పొలం గట్లమీదనే మిగిలిపోయేవాడు. 1661లో కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో, సంపన్న విద్యార్థులకు ఊడిగం చేస్తూ చదువుకొనే పేద విద్యార్థిగా చేరాడు. 1665లో ప్లేగు వలన విశ్వవిద్యాలయం మూతబడగా ఇంటికి చేరి, గణితంలోను, గమనశాస్త్రంలోను స్వయంకృషి సాగించాడు.

వస్తువు కదలుతూ ఉండవలెనంటే దానిని ఏదో ఒకటి నెట్టుతూనే ఉండాలని అరిస్టాటిల్ మతం. అడ్డగించేది లేనిచోట విసిరిన వస్తువు ఆగవలసిన కారణం లేదని ఇబ్న్ సీనా (980–1037) తర్కించాడు. అయితే అట్టి శూన్యం ఉండదన్నదే ఆయన నిర్ధారణ. మన పాఠాలలో ఈ పేరు అరుదుగా వినబడుతుంది గనుక ఇక్కడ స్మరిస్తున్నాను. పిదప గెలీలియో వాలుబల్లలపై గుండ్లు దొర్లించి వేగవృద్ధిని కొలిచాడు.

1684 ఆగస్టులో ఎడ్మండ్ హేలీ కేంబ్రిడ్జికి వచ్చి, దూరవర్గానికి విలోమంగా తగ్గే ఆకర్షణకు లోబడిన గ్రహం ఏ మార్గాన తిరుగుతుందని ప్రశ్నించాడు. దీర్ఘవృత్తమని న్యూటన్ తక్షణమే బదులిచ్చాడు. గణన చూపుమంటే కాగితం కనబడలేదు! దానిని తిరిగి వ్రాయబూనగా, ఆ ప్రయత్నమే పెరిగి 1687లో లాటిన్ భాషలో 'ప్రిన్సిపియా'గా వెలువడింది. బాహ్యబలం లేనంతవరకు నిశ్చలవస్తువు నిశ్చలంగా, చలించేది సరళరేఖలో సమవేగంతో ఉంటుంది. ద్రవ్యవేగంలోని మార్పు ప్రయోగించిన బలాన్ని, దాని దిశను అనుసరిస్తుంది. ప్రతి చర్యకు సమానమైన ప్రతిచర్య ఎదురుదిశలో ఉంటుంది. ఈ మూడు సూత్రాలకు విలోమవర్గ ఆకర్షణ నియమాన్ని జోడించి రాలిన పండును, చంద్రుణ్ణి, సముద్రపు పోటును ఒకే గణితానికి లోబరచాడు.

రాయల్ సొసైటీ తన నిధులను చేపల చరిత్రపై ఒక గ్రంథానికి వెచ్చించి ఉన్నందున, ముద్రణవ్యయాన్ని హేలీయే భరించాడు. అంతలో విలోమవర్గ నియమం తనదని రాబర్ట్ హుక్ వాదించగా, న్యూటన్ ఆగ్రహించి మూడవ భాగాన్నే నిలిపివేస్తానన్నాడు. హేలీ బ్రతిమాలి శాంతింపజేశాడు. మొదటి రెండు సూత్రాలకు గెలీలియోను ఉదారంగా పేర్కొన్న మహనీయుడు సమకాలికుని పట్ల అంత కాఠిన్యం వహించడం నాకు సమంజసంగా తోచదు.

1696లో టంకశాలకు, 1703లో రాయల్ సొసైటీ అధ్యక్షపదవికి వచ్చాడు. హుక్ మరణించినది ఆ సంవత్సరమే. కాంతిశాస్త్రంపై గ్రంథాన్ని న్యూటన్ మరుసటి ఏడు ప్రకటించాడు. 1727 మార్చి 20న దివంగతుడై, వెస్ట్‌మినిస్టర్ ఆబేలో ఖననం చేయబడ్డాడు.