ఒకే చాప మీద

మా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ప్రార్థన కూటమంటే చాప పరచి, నలుగురూ కూడి ప్రార్థించి, తలా ఒక గ్లాసు టీ తాగి లేవడం. ఆ టీ గ్లాసు విలువేమిటో అజరయ్య బిషప్పుగారి జీవితం చూస్తే తెలుస్తుంది.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి సీమలో ఒక పాదిరిగారింట పుట్టారు. తమిళుడైనా 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగారు. భార్య అన్బు అక్కడి ఆడవాళ్ల మధ్య పనిచేశారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల మహాసభ జరిగింది. దొరల త్యాగాన్నీ, వాళ్లిచ్చిన డబ్బునీ ఆయన కాదనలేదు. కానీ భారతీయుణ్ణి సాటి మనిషిగా ఇంట్లో కూర్చోబెట్టుకోని ప్రేమ ఏం ప్రేమ, మాకు కావలసింది స్నేహం అని మొహం మీదే అడిగేశారు. కొందరు నొచ్చుకున్నారు కూడా.

1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యారు. తెల్లవారకముందే లేచి ప్రార్థించేవారు. తర్వాత ఊళ్లమీదికి! దొరలనడిగిన ప్రశ్నే మనవాళ్లనీ అడిగారు. మాలపల్లె, మాదిగపల్లె వేరువేరుగా ఉంటే సంఘమెలా అవుతుంది? ఒకే గుడిలో, ఒకే బల్ల దగ్గర కూడాలని పట్టుబట్టారు.

మిషన్లన్నీ ఒకటి కావాలని ఆయన ఏళ్ల తరబడి పాటుపడ్డారు. 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడింది. మన రాయలసీమలోని లండన్ మిషన్ సంఘాలూ అందులో కలిశాయి.

కళ్లు మూసుకుని ప్రార్థించడం తేలికే. కళ్లు తెరిచాక మన చాప మీద ఎవరు లేరో చూసుకుంటున్నామా?