జ్ఞానదీక్ష

విద్యార్జనకు ధనం, సమయం, అనుకూల పరిస్థితులు అవసరమని అందరూ భావిస్తారు. ఈ మూడూ కొరవడినప్పటికీ అర్థశాస్త్రంలో రెండు విదేశీ విశ్వవిద్యాలయాల అత్యున్నత పట్టాలను సాధించిన మహామేధావి డాక్టర్ భీమరావ్ రాంజీ అంబేద్కర్. రాజ్యాంగ శిల్పిగా లోకం ఎరిగిన ఆయన మొదట అర్థశాస్త్రవేత్త.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో జన్మించారు. తల్లి భీమాబాయి. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. అస్పృశ్యులుగా పరిగణింపబడిన మహర్ కులంలో జన్మించినందున ఆ బాలుడు పాఠశాలలో తోటి పిల్లలకు దూరంగా కూర్చోవలసి వచ్చేది. దాహమైతే మరొకరు నీరు పోసేవరకు వేచి ఉండవలసి వచ్చేది. అయినా తండ్రి ప్రోత్సాహంతో 1907లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ నెలకు 25 రూపాయల వేతనం ఇవ్వగా, బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి పట్టభద్రులయ్యారు.

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. ఆ దుఃఖం తీరకముందే ఒక సదవకాశం లభించింది. విదేశాలలో ఉన్నత విద్య కోసం బరోడా మహారాజు మూడేళ్ల ఉపకారవేతనం మంజూరు చేశారు. చదువు ముగిసిన తరువాత పదేళ్లు సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది షరతు. భార్య రమాబాయి పేదరికంలోనే ఇంటి భారాన్ని మోయగా, అంబేద్కర్ 1913 జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు.

అక్కడ ఆయనను కులం అడిగినవారు లేరు. అందరి సరసన కూర్చుని భోజనం చేయడం, చర్చించడం ఆయనకు నూతనానుభవం. ప్రభుత్వ విత్తశాస్త్రంలో ప్రసిద్ధుడైన ఎడ్విన్ సెలిగ్మన్ ఆయనకు ఆచార్యుడు. ఉన్న గడువు మూడేళ్లే గనుక అంబేద్కర్ కాలాన్ని ధనంకన్న మిన్నగా పొదుపు చేశారు. అర్థశాస్త్రంలోనే 29 పాఠ్యక్రమాలను అభ్యసించారు. వాటితోపాటు చరిత్ర, సామాజికశాస్త్రం, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం చదివారు. ఈస్టిండియా కంపెనీ పరిపాలనను, ఆర్థిక వ్యవహారాలను పరిశోధించి 1915లో ఎం.ఏ. పట్టా పొందారు. కంపెనీ చేసిన అప్పుల భారం చివరకు భారత ప్రజల భుజాలపైనే పడిన తీరును ఆ వ్యాసంలో నిరూపించారు. పన్ను ఎవరు చెల్లిస్తున్నారు, దాని ఫలం ఎవరు అనుభవిస్తున్నారు అన్న ప్రశ్న ఆనాటి నుండి ఆయన ఆలోచనలకు కేంద్రమైంది.

1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో చేరారు. కాని మరుసటి ఏడాదే ఉపకారవేతనం గడువు ముగియడంతో చదువు మధ్యలో ఆపి స్వదేశానికి రావలసి వచ్చింది. అది మొదటి ప్రపంచయుద్ధ కాలం. వేరొక ఓడలో పంపిన ఆయన పుస్తకాలు, సామాను జలాంతర్గామి దాడిలో సముద్రం పాలయ్యాయి. షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగానికి వెళితే, కింది ఉద్యోగులు కాగితాలను చేతికివ్వక దూరం నుండి విసిరేవారు. తలదాచుకున్న పారశీకుల వసతిగృహం నుండి సైతం వెళ్లగొట్టారు. అమెరికా పట్టా ఆయన విద్వత్తును పెంచిందే గాని, సమాజం దృష్టిని మార్చలేకపోయింది.

అంతటి అవమానం ఎదురైనా ఆయన చదువును విడువలేదు. 1918లో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్రాచార్యులుగా చేరి, జీతంలో కొంత కూడబెట్టారు. కొల్హాపూర్ పాలకుడు సాహూ మహారాజు సాయం చేశారు. మిత్రుడు నావల్ భతేనా అప్పు ఇచ్చారు. 1920లో తిరిగి లండన్ చేరిన అంబేద్కర్ చాలీచాలని ఆహారంతో గ్రంథాలయాలలోనే పగళ్లు గడిపారు. బ్రిటిష్ ఇండియాలో కేంద్ర, రాష్ట్రాల మధ్య ఆర్థికాధికారాల వికేంద్రీకరణపై రచించిన వ్యాసానికి 1921లో ఎం.ఎస్‌సి. పట్టా లభించింది.

అనంతరం రూపాయి సమస్యపై పరిశోధించారు. ప్రభుత్వం తన ఇష్టానుసారం నాణేలను పెంచితే ధరలు పెరిగి పేదల కూలి విలువ తరిగిపోతుందని వాదించారు. ప్రఖ్యాతుడైన కీన్స్ సమర్థించిన ద్రవ్యవిధానాన్నే విమర్శించే సాహసం చేశారు. పరీక్షకులు అభ్యంతరం తెలుపగా, వ్యాసాన్ని సవరించి మళ్లీ సమర్పించి 1923లో డి.ఎస్‌సి. పట్టా సాధించారు. 1927లో కొలంబియా నుండి పిహెచ్.డి. కూడా పొందారు.

ఆ పరిశోధన గ్రంథాలయానికే పరిమితం కాలేదు. భారత ద్రవ్యవ్యవస్థను పరిశీలించిన హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట 1925లో ఆయన తన అభిప్రాయాలను వినిపించారు. 1953లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆయనను గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది. 1956 డిసెంబరు 6న అంబేద్కర్ పరమపదించారు.

ఆగిపోయిన చదువును మూడేళ్ల తరువాత అప్పు చేసి మరీ పూర్తిచేసిన ఆ పట్టుదల విద్యార్థిలోకానికి ఆదర్శం. అణగారిన ప్రజల పక్షాన నిలిచి వాదించడానికి ఆయనకు ఆయుధమైనది ఆ చదువే.